చిన్నదానికి ములామా ఉన్నది

నా చిన్నప్పుడు తెనాలిలో మా నానీ ఇంట్లో బాపట్ల అనే మాట ఎత్తకూడదు. బస్సు బోర్డు మీద చూసి పైకి చదివినా చెవి మెలిపెట్టేది. నానీ అంటే మా అమ్మమ్మ. మేం ముస్లిములం, ఇంట్లో ఉర్దూ, గుమ్మం దాటితే తెలుగు. నాన్నది ఊళ్ళు మారే ఉద్యోగం కావడంతో నన్ను చదువు కోసం నానీ దగ్గర వదిలారు. బాపట్లలో ఉండేది నానీ సొంత చెల్లెలు. ఆవిడను నేను బాపట్ల నానీ అనేదాన్ని, అదీ మనసులోనే. అక్కచెల్లెళ్ళిద్దరికీ మాటల్లేవు. మాటల్లేవంటే నోరు మూసుకుని కూర్చున్నారని కాదు. ఒకరి గురించి ఒకరు ఊరంతా చెప్పుకునేవాళ్ళు, ఎదురుపడితే మాత్రం గోడను చూసినట్టు చూసేవాళ్ళు.

వాళ్ళ అన్నయ్యది రేపల్లె. బాపట్ల నుంచి రేపల్లె వెళ్ళాలంటే తెనాలిలో దిగి బండి మారాలి. మా ఇల్లు స్టేషన్ వెనక వీధిలోనే. అన్నయ్యను చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా బాపట్ల నానీ తెనాలిలో దిగేది, రేపల్లె బండి కోసం ప్లాట్‌ఫాం బెంచీ మీద పూటపూటంతా కూర్చునేది, తెచ్చుకున్న అన్నం ఈగలు తోలుకుంటూ తినేది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో అక్క ఇల్లుండగా, కనీసం మంచినీళ్ళకు కూడా మా గుమ్మం తొక్కేది కాదు. ఆవిడ వచ్చిందని మా నానీకి ఎలాగో తెలిసిపోయేది. నన్ను పంపేది. పిలవమని కాదు. ఏ చీర కట్టుకుంది, చిక్కిందా, ఒళ్ళు చేసిందా చూసి రమ్మని. చిక్కిందని చెబితే బాగా అయిందనేది. ఒళ్ళు చేసిందని చెబితే ఎవరి కడుపు కొట్టి తింటోందో అనేది. ఏం చెప్పినా తిట్టేటప్పుడు నన్నెందుకు చూసి రమ్మంటుందో నాకు అప్పుడు అర్థమయ్యేది కాదు.

ఇంత పగకూ కారణం ఒక జత వెండి కంగన్లు. కంగన్ అంటే కడియం అనుకోండి, అయితే మన షాపుల్లో దొరికే రకం కాదు. నాలుగు వేళ్ళ వెడల్పు, చేతికి పెట్టుకుంటే ముంజేతి మీద చొక్కా మడతలా పడి ఉంటుంది. రెండు కొసలూ కలవవు, ఆ కొసలకు చిన్న చిన్న పళ్ళుంటాయి. నేను మాట వినకపోతే నానీ నా రెక్క పట్టుకుని లాక్కెళ్ళేది, ఆ పళ్ళు దిగి చారలు పడేవి. పైన వరసగా ఎర్రటి అకీకు రాళ్ళు. ఒక కంగన్ నానీ కుడిచేతికి ఉండేది. రెండోది బాపట్లలో, ఎవరూ చూడని ఒక ఇనప్పెట్టెలో ఉండేది.

అవి మా ముత్తవ్వ, అంటే నానీ వాళ్ళ అమ్మ, హజ్ నుంచి తెచ్చినవి. ముత్తవ్వ ఓడలో వెళ్ళినప్పుడు మక్కాలో పక్కనే దిగిన ఒకావిడకు జ్వరం తగిలిందట. ఆవిడ తుర్కుమానీ మనిషి, ఎక్కడో గుర్రాల దేశం. ఒకరి మాట ఒకరికి ఒక్క ముక్క తెలియదు. ముత్తవ్వ ఆవిడకు గంజి కాచి పోసింది, తల తుడిచింది, ఆవిడ లేచి కూర్చునేదాకా పక్కన ఉంది. వెళ్ళేటప్పుడు ఆవిడ తన రెండు చేతుల కంగన్లూ తీసి ముత్తవ్వ చేతులకు తొడిగి, వద్దన్నా వినకుండా వెళ్ళిపోయిందట. అందుకే మా ఇంట్లో వాటి పేరు తుర్కుమానీ కంగన్లు.

ఆ పేరు నాకు మంచి చేయలేదు. మా నానీకి తుర్కుమానీ కంగన్ ఉందని బళ్ళో గొప్పలు పోతే, తురకోళ్ళకు తురక గాజులు కాక ఏముంటాయని వెనక బెంచీ వాళ్ళు నవ్వారు. తుర్కుమానీ వేరు, మీరనే మాట వేరు అని నేను ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. మా వీధి పిల్లలైతే వారం పాటు నన్ను తురకమానూ అని పిలిచారు. ఒకడి మోకాలు పగిలేదాకా ఆ పిలుపు ఆగలేదు. అది వేరే గొడవ. ఇక్కడెందుకు చెప్పానంటే, ఒక మాటను ఒకరు ఒకలా పలికితే ఇంకొకరు ఇంకోలా వింటారని నాకు తెలియాల్సింది ఆ రోజే. తెలియలేదు.

నానీ పెళ్ళిలో ముత్తవ్వ ఒక కంగన్ తీసి నానీ చేతికి తొడిగింది. రెండోది తన దగ్గరే ఉంచుకుని రంజాన్ పండక్కీ బక్రీదుకీ పెట్టుకునేది. చెల్లెలి పెళ్ళికి కూడా ఇవ్వలేదు. చెల్లెలికి ఆ ముల్లు అప్పటినుంచే ఉంది. ముత్తవ్వ పోయేటప్పుడు మంచం పక్కన ఉన్నది పెద్దకూతురే. చిన్నది బాపట్లలో పురిటి మంచం మీద ఉంది. పెట్టెలోని కంగన్ వైపు చెయ్యి చూపించి ముత్తవ్వ ఒక మాట చెప్పి కన్నుమూసింది. చిన్నదానికి ములామా ఉన్నది ఇవ్వమంది. నానీ ఆ మాటను అక్షరం మార్చకుండా చెల్లెలికి చెప్పి కంగన్ చేతిలో పెట్టింది. అక్కడితో అయిపోవాలి.

కానీ బాపట్లలో బజారు మాట వేరు. ములామా పెట్టిన సొమ్మంటే అక్కడ గిల్టు సొమ్మని అర్థం. తిరునాళ్ళలో గాజులు అమ్మేవాళ్ళు ఇత్తడి మీద మెరుగు పెట్టి అంటగట్టే రకాన్ని ములామా సరుకు అని వెక్కిరించేవాళ్ళు. బాపట్ల నానీ పెట్టె తీసి కంగన్ బయట పెడితే, పొరుగింటావిడ చూసి పెదవి విరిచిందట. వెండి మధ్యలో ఆ పసుపేంటి, పూత పోయి లోపలి ఇత్తడి బయటపడుతోంది అందట. అంతే. అక్క చేతికున్నది తెల్లగా, సిసలైన వెండిలా మెరుస్తోంది. తన చేతికిచ్చింది పచ్చగా ఉంది. తల్లి పెద్దదానికి వెండి పెట్టి తనకు గిల్టు ముట్టజెప్పింది, లేదా తల్లి ఇచ్చిన వెండిని అక్క మార్చేసింది. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకోలేక ఆవిడ రెండూ నమ్మింది, రెంటికీ కలిపి అక్కను తిట్టింది.

ఒక కంసాలికి చూపిస్తే తేలిపోయేది కదా అని మీరనవచ్చు. నేనూ అన్నాను పెద్దయ్యాక. కంసాలి ఇత్తడని చెబితే తన తల్లి తనను చిన్నచూపు చూసిందని ఊరందరికీ తెలుస్తుంది. అందుకని ఆవిడ చూపించలేదు. ఇక మా నానీ సంగతి. ఆవిడకు సంగతంతా తెలుసు. చెల్లెలు ఏం అనుకుంటోందో తెలుసు, ఎందుకు తప్పో కూడా తెలుసు. అయినా నోరు విప్పలేదు. తల్లి మాటకు తను రుజువు చూపించాలా, అడిగితే చెబుతాను, తిడితే ఎందుకు చెప్పాలి, ఇదీ ఆవిడ లెక్క. మొండితనంలో ఆ జత కంగన్లకన్నా ఆ జత అక్కచెల్లెళ్ళే బాగా కుదిరారు.

నేను అయిదో తరగతిలో ఉండగా రేపల్లెలో పెళ్ళి వచ్చింది. నానీ వాళ్ళ అన్నయ్య కూతురి నిఖా. ఆ అన్నయ్య భార్యను మేం రేపల్లె మామ్మ అనేవాళ్ళం. ఆవిడ నోరు ఇద్దరాడబిడ్డల నోళ్ళు కలిపినంత. పెళ్ళికి అక్కాచెల్లీ ఇద్దరూ రాక తప్పదు. తెనాలిలో ఒకే బండి ఎక్కారు, వేరు వేరు పెట్టెల్లో. రేపల్లెలో దిగి ఒకే వీధిలో నడిచారు, వీధికి ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు. నేను నానీ సంచి మోస్తూ మధ్యలో నడిచాను. బాపట్ల నానీ నన్ను చూసిన చూపుకి, ఆ సంచిలో పాము ఉందేమో అని అనుమానం వచ్చింది.

పెళ్ళికూతుర్ని పసుపు చీరలో కూర్చోబెట్టి ముందు వెడల్పాటి పళ్ళెం పెట్టారు. ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. ఒక్కొక్కరే వచ్చి పెళ్ళికూతురి తల నిమిరి, ఇవ్వదలచింది ఆ పళ్ళెంలో పెడుతున్నారు. పళ్ళెంలో పడింది పెళ్ళికూతురిది. అది మా వాళ్ళలో పట్టింపు. ఎంత పెద్దమనిషయినా, ఎంత పొరపాటైనా, పడిందాన్ని మళ్ళీ చేత్తో తీయకూడదు.

నానీ ఒక చీర పెట్టింది. తర్వాత బాపట్ల నానీ లేచింది. కొంగుముడి విప్పి కంగన్ తీసింది. పళ్ళెంలో పెట్టలేదు, పడేసింది. ఖంగున మోగింది. అక్కాచెల్లెళ్ళు మామూలుగా ఉర్దూలో తిట్టుకుంటారు, కోపం ముదిరితే తెలుగులోకి దిగుతారు. ఆ రోజు ఆవిడ మొదటి మాటే తెలుగులో వచ్చింది.

"ములామా సొమ్మమ్మా, ఏం అనుకోకు. నాకు మా అమ్మ ఇచ్చిందదే. మా అక్క చేతుల మీదుగా వచ్చింది మరి."

నానీ కూర్చున్న చోటినుంచి కదల్లేదు గానీ, నా భుజం మీదున్న ఆవిడ చెయ్యి బిగిసింది. కంగన్ పళ్ళు దిగాయి. అమ్మ పోయాక అమ్మను పదిమందిలో పెట్టి మాట్లాడతావా అని మెల్లగా అంది. మాట్లాడేది అమ్మను కాదు, అమ్మ సొమ్ము మార్చినవాళ్ళను అని చెల్లెలు గట్టిగా అంది. దొంగ అనే మాట ఒక్కటే అనలేదు. అనకపోయినా అందరూ విన్నారు. అప్పటిదాకా తలలు నిమురుతున్న ఆడవాళ్ళు నానీ చేతి వైపూ పళ్ళెం వైపూ మార్చి మార్చి చూడ్డం మొదలుపెట్టారు. ఒకటి తెల్లగా, ఒకటి పచ్చగా. చూసే కళ్ళకు తీర్పు అక్కడే అయిపోయింది. మా నానీ ఆ గదిలోంచి దొంగగా బయటికి వెళ్ళబోతోందని నాకు అర్థమైంది.

వంటింట్లోంచి రేపల్లె మామ్మ వచ్చింది, చేతికి దాల్చా గరిటె. సంగతి వినగానే ఆవిడ మొహం కందగడ్డ అయింది. ఆడబిడ్డల మీద జాలితో కాదు, కూతురి పెళ్ళి పాడు చేస్తున్నారని. ఇన్నేళ్ళుగా మీ కళ్ళతో చూసి మీరు ఏం తేల్చారు అని ఇద్దర్నీ దులిపింది. నానీ చేతి కంగన్ లాగేసుకుంది. పళ్ళెంలోదాన్ని తీయకూడదు కాబట్టి పెళ్ళికూతుర్నే తీసి ఇమ్మంది. తర్వాత చుట్టూ చూసి నన్ను రెక్క పట్టి లాగింది, తన దుపట్టాతో నా కళ్ళకు గట్టిగా కట్టింది. మసాలా వాసన, ఉల్లిపాయ ఘాటు, కళ్ళలోంచి నీళ్ళు. కంగన్లు రెండూ నా వెనక్కి పెట్టి కాసేపు తారుమారు చేసి చెరో చేతిలో పెట్టింది.

"కళ్ళున్నవాళ్ళ పంచాయితీ చాలు. చేత్తో చూసి చెప్పవే, రెండూ ఒకటా, కాదా. అబద్ధం చెబితే ఈ గరిటె నీ వీపు మీద విరుగుద్ది."

ఇప్పటికీ ఆ క్షణం నా అరచేతుల్లో ఉంది. రంగు పోయాక వస్తువు మొత్తం ఒక్కసారిగా చేతిలోకి వచ్చింది. ముందు బరువు. రెండు చేతులూ ఒకే మట్టాన దిగాయి. తర్వాత లోపలివైపు తడిమాను. పైన ఎంత నగిషీ ఉన్నా లోపల ఎవరూ నునుపు చేయలేదు, సుత్తి దెబ్బల గుంటలు వేళ్ళకు తగిలాయి, రెండింటిలోనూ. కొసల పళ్ళు తడిమాను. రాళ్ళ మీద బొటనవేలు పెట్టాను, చల్లగా ఉన్నాయి. అలా పట్టుకునే ఉన్నా, గాజుపూస వేడెక్కినట్టు వెంటనే వేడెక్కలేదు. మళ్ళీ అంచుల మీదికి వచ్చాను. అక్కడ మాత్రం తేడా ఉంది. ఎడమచేతిలోని కంగన్ అంచులు సబ్బుబిళ్ళలా మెత్తగా ఉన్నాయి. కుడిచేతిలోని దాని అంచులు గీసుకుంటున్నాయి, నగిషీ గీతలు వేలికి గరుగ్గా తగులుతున్నాయి.

గరిటె భయం ఒకటి, నానీ భయం ఒకటి. అయినా చేతికి తెలిసిందే చెప్పాను.

"రెండూ ఒకటే. ఒకటి ఎవరో రోజూ వేసుకున్నారు. ఇంకోటి ఎవరూ వేసుకోలేదు."

దుపట్టా విప్పాక మొదట నాకు కనిపించింది బాపట్ల నానీ మొహం. కంగన్ నకిలీదని ఎవరైనా చెబుతారని ఎదురుచూసింది ఆవిడ. తల్లి ఇచ్చింది నువ్వు ఒక్క రోజయినా చేతికి పెట్టుకోలేదని పదిమందిలో ఒక పిల్ల చెబుతుందని ఎదురుచూడలేదు. నన్ను కొట్టడానికి చెయ్యెత్తింది కూడా, రేపల్లె మామ్మ గరిటె అడ్డం పెట్టింది. ఒకటే అయితే ఆ పసుపేంటి మరి అని బాపట్ల నానీ అరిచింది.

అప్పుడు లేచింది మా నానీ. తన కంగన్ తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళింది, చెల్లెలి మెడ పట్టి వంచినంత పని చేసి చూడమంది. నేనూ దూరి చూశాను. పైకి తెల్లటి వెండే. కానీ ఒక్కో రాయి చుట్టూ ఉన్న సన్నటి గాడిలో, వేలు దూరని చోట, గోరింటాకు చెరిగిపోయాక గోళ్ళ మూలల్లో మిగిలినట్టు, పసుపు మిగిలి ఉంది. ఆ పసుపు ఇత్తడి కాదు. ఇత్తడే అయితే రుద్దుకున్న చోట బయటపడాలి, రుద్దుకోని చోట దాక్కోవాలి. ఇక్కడ అంతా తలకిందులుగా ఉంది. రుద్దుకున్న చోట పోయింది, రుద్దుకోని చోట ఉంది. అంటే వెండి పైన, నిప్పు చూపించి పట్టించిన అసలు బంగారం. గీతలున్న చోట మాత్రం వెండిని వెండిగానే వదిలేశారు, బంగారంలో తెల్లటి తీగలు పాకినట్టు కనపడాలని. ఆ తుర్కుమానీ ఆవిడ దేశంలో పనితనం అది. కొత్తలో నానీ కంగన్ కూడా చెల్లెలి కంగన్‌లాగే పచ్చగా ఉండేదట, అప్పటికి చెల్లెలికి గుర్తుండే వయసు కాదు. కాపురంలో, అంట్లలో, పిల్లల ఒళ్ళు రుద్దడంలో అరిగిపోయింది.

"అమ్మ నోట్లో ములామా అంటే ఇది. మీ బాపట్ల బజారు ములామా కాదు. నాది పోయింది. ఉన్నది నీకిచ్చింది."

తల్లి ఆఖరి మాట బాపట్ల నానీ చెవిలో అన్నేళ్ళ తర్వాత తిరగబడిందని ఇప్పుడు నాకు తెలుసు. రెండింటిలో మంచిది చిన్నదానికి ఇవ్వమంది తల్లి. ఆవిడ చెయ్యి పళ్ళెం వైపు వెళ్ళింది. పెళ్ళికూతురు కంగన్‌ను అప్పటికే మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. ఆ చెయ్యి పళ్ళెం అంచు దాకా వెళ్ళి ఆగింది. గదిలో ఉన్న ఆడవాళ్ళంతా ఆ చేతినే చూస్తున్నారు. ఆవిడ ఆ చేతిని వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది. తీసుకోమని రేపల్లె మామ్మ అనలేదు. అంత మంచిది కాదావిడ, పైగా వస్తువు అప్పటికి బంగారమైపోయింది.

"ఇన్నేళ్ళూ నోరెందుకు విప్పలేదే నువ్వు?" అంది బాపట్ల నానీ అక్కతో. ఎదురుగా నిలబడి మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

"నువ్వు అడిగావా? తిట్టావు," అంది మా నానీ.

కౌగిలించుకున్నారని, ఏడ్చారని మీరు ఎదురుచూస్తుంటే నేనేం చేయలేను. తిరుగు బండిలో పెళ్ళివారి బిర్యానీ డేగిసాతో పాటు ఇద్దర్నీ ఒకే పెట్టెలో ఎక్కించారు. చెరో కిటికీ పట్టుకుని కూర్చున్నారు. నిజం తెలిశాక బాపట్ల నానీకి కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. తప్పు అక్కది అనుకున్నన్నాళ్ళూ ఆ కోపానికి ఒక ఇల్లుంది, ఇప్పుడు అది ఎక్కడ దిగాలో తెలియక తిరుగుతోంది. పెట్టె కుదుపులకు డేగిసా మూత కొట్టుకుంటుంటే దాన్ని కూడా తిట్టింది. తెనాలి దగ్గర పడుతుండగా మా నానీ చేతి కంగన్ ఊడదీసింది. సులువుగా రాలేదు, తోలు గీసుకుని ఎర్రబడింది. దాన్ని తీసుకెళ్ళి చెల్లెలి ఒళ్ళో పడేసింది, అచ్చం చెల్లెలు పళ్ళెంలో పడేసినట్టే. వేసుకు తిరుగు, పెట్టెలో పెడితే మాత్రం ఊరుకోనంది. నువ్వు అరగదీసిన చెత్త నాకెందుకంది చెల్లెలు. అంటూనే చేతికి ఎక్కించుకుంది.

తెనాలిలో దిగాక ఆవిడ మా ఇంటికి రాలేదు. బాపట్ల బండి కోసం ఎప్పటిలా ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుంది. తర్వాతా ఎన్నోసార్లు కూర్చుంది. మా నానీ మాత్రం నన్ను పంపడం మానేసి, కూరల బజారుకని చెప్పి తనే ఓవర్‌బ్రిడ్జి ఎక్కేది. ఒకసారి నేను వెంట వెళ్ళాను. పైనుంచి చూస్తే కింద బెంచీ మీద బాపట్ల నానీ, ఎండలో కంగన్ మెరిసేట్టు రవిక చెయ్యి పైకి లాక్కుని మరీ కూర్చుంది. పైనున్న అక్కను చూసే ఉంటుంది. మొహం అటు తిప్పుకుంది గానీ చెయ్యి దించలేదు. పొగరు చూడు దానికి అంది నానీ, మెట్లు దిగుతూ. ఆ రోజంతా ఆవిడ ఎవర్నీ తిట్టలేదు.

నానీ పోయిన రోజు బాపట్ల నానీ మొదటిసారి స్టేషన్ దాటి మా గుమ్మం తొక్కింది. నాకు చెప్పకుండా పోతావా, ఎప్పుడు అడిగి చేశావు కనుక అని శవం పక్కన కూర్చుని తెల్లారేదాకా పోట్లాడింది. ఎవరూ ఆపలేదు. ఆవిడకు వచ్చిన భాష అదొక్కటేనని ఇంట్లో అందరికీ తెలుసు.

ఇప్పుడు నాకే మనవరాలుంది. మొన్న ఫోన్‌లో ఒక కంగన్ చూపించి, పాత తుర్కమాన్ వెండి అట నానమ్మా, మన ఇంట్లో దానిలాంటిదే, తెప్పించుకుంటానంది. వెనకవైపు చూపించమన్నాను. అద్దంలా నున్నగా ఉంది, సుత్తి దెబ్బ ఒక్కటి లేదు. బంగారు రంగు ఎక్కడ చూసినా ఒకేలా ఉంది, మణికట్టు రుద్దుకునే చోటా, రాయి చుట్టూ గాడిలోనూ. రాళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. అసలు అకీకు రాయిని వెలుతురుకు పెడితే బెల్లం ముక్కలా ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంటుంది. ఇవి బత్తాయి మిఠాయిల్లా ఒకటే రంగు. పాతదట, ఎవరి చేతికి ఉండి పాతబడిందో అడుగు వాళ్ళను అన్నాను. నేను ఏం చూపించినా మొదట తిడతావని అలిగింది. నిజమే. ఇద్దరు నానీల పెంపకం, ఎక్కడికి పోతుంది. కానీ ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. ఎవరైనా నన్నో మాటంటే, తిట్టేముందు ఆ మాటకు మీ ఇంట్లో అర్థం ఏంటి అని అడుగుతాను. అప్పుడప్పుడు తిట్టాక అడుగుతాను. అడగడం మాత్రం మానను.

బాపట్ల నానీ పోయాక ఆ కంగన్ నాకు వచ్చింది. ఆవిడ కోడలు గుడ్డలో చుట్టి ఇస్తూ ఫిర్యాదు చేసింది. ఎంత చెప్పినా తీసి పెట్టేది కాదండి, చేపలు బూడిద వేసి తోమేటప్పుడు కూడా చేతికే ఉండేదండి, నిద్రలో కూడా అంతేనండి అని. ఇంటికొచ్చి కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. రాళ్ళ చుట్టూ గాడిలో, నానీ మెడలు వంచి చూపించిన ఆ పసుపు లేదు. ఒక్కో రాయీ తిప్పి వెతికాను. రవ్వంత కూడా లేదు.

ఆ పసుపు పోయిన సంగతి మనవరాలికి తెలియదు. అలక తీరాక నా చేతికున్న కంగన్ పట్టుకుని చూసి, బంగారం ఉండేదన్నావు, ఏదీ మరి, అంది. కళ్ళు మూసుకోమన్నాను. తన వేళ్ళు పట్టుకుని ఆ మెత్తబడిన అంచుల మీదుగా నడిపించాను.

"ఇద్దరు అక్కచెల్లెళ్ళు వేసుకున్నారే," అన్నాను. "ఇంకెక్కడుంటుంది?"